అమావాస్య చూసుకుని అండమాన్ వెళ్ళాం

అండమాన్ అనగానే అందరూ ముందు ఫ్లైట్ రేట్లు చూస్తారు, తర్వాత హోటళ్ళు. నేనైతే ఆ రెండిటికంటే ముందు పంచాంగం చూడమంటాను. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో ఉండి లాగుతారు కాబట్టి ఆ రోజుల్లోనూ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ సముద్రం బాగా పైకొస్తుంది, అంతే బాగా వెనక్కి పోతుంది. చెన్నైలో మనకి ఆ తేడా పెద్దగా తెలీదు, మెరీనాలో ఎప్పుడు చూసినా అలలు అక్కడే ఉన్నట్టుంటాయి. పోర్ట్ బ్లెయిర్ దగ్గర మాత్రం ఆ రోజుల్లో పోటుకీ పాటుకీ మధ్య దాదాపు రెండు మీటర్ల తేడా ఉంటుంది, అంటే మామూలుగా నీళ్ళ కింద ఉండే రీఫ్ (పగడపు దిబ్బ) అంచులు గంటా రెండు గంటలు బయటపడతాయి. పౌర్ణమి కంటే అమావాస్య ఎందుకు మంచిదో హావ్‌లాక్ దీవి గురించి రాసేటప్పుడు చెప్తాను.

ఈసారి సంక్రాంతి అయిన వెంటనే అమావాస్య పడింది, చెన్నైలో స్కూళ్ళకీ ఆఫీసులకీ ఎలాగూ పొంగల్ సెలవులు, ఇంకో ఐదు రోజులు లీవ్ కలిపితే సరిపోతుందని మా ఆయన అన్నారు. తెనాలిలో అమ్మకి ఫోన్ చేస్తే "కనుమ నాడు కాకి కూడా కదలదంటారే, పైగా అమావాస్య పూట పడవెక్కుతారా" అని చాలా బాధపడింది. ఇక్కడ వేళచ్చేరిలో మా పక్కింటి మామికి చెప్తే "అమావాసైయా, రొంబ నల్ల నాళ్" (అమావాస్యా, చాలా మంచి రోజు) అని సంతోషంగా వేడివేడి శక్కరై పొంగల్ డబ్బాలో పెట్టిచ్చారు. అమ్మ భయం నాకు అర్థమవుతుంది, మా అమ్మమ్మ వాళ్ళది బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డు, అమావాస్య పోటు అంటే వాళ్ళకి ఊళ్ళోకి నీళ్ళొచ్చే రోజు. అందుకే రోజూ సాయంత్రం ఒడ్డు చేరగానే ఫోన్ చేస్తానని మాటిచ్చి బయల్దేరాం.

శుక్రవారం, కనుమ

చెన్నై నుంచి రెండు గంటల చిల్లర ప్రయాణం. కిటికీ వైపు కూర్చుంటే దిగే ముందు దీవులు కనిపిస్తాయి, ముందు ముదురు నీలం, తర్వాత లేత ఆకుపచ్చ, తర్వాత తెల్లటి ఇసుక గీత, ఆ వెంటనే అడవి, మధ్యలో ఖాళీ స్థలం అనేదే లేదు. ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అని మార్చారు కానీ అక్కడ అందరూ ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నారు, నేనూ అలాగే రాస్తాను.

మా డ్రైవర్ జంగ్లీఘాట్ ఆయన. మేం మాట్లాడుకోవడం విని "తెలుగోల్లేటండి" అన్నాడు. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట, జంగ్లీఘాట్‌లో అలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. మా పాపని చూసి "ఈ గుంటకి సముద్రం అంటే బయం లేదుకదా" అని అడిగాడు. ఆ క్షణం నుంచి మా ట్రిప్ అంతా ఆయన చేతుల్లోనే నడిచింది.

మధ్యాహ్నం సెల్యులర్ జైలు. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టారు, ఏడు వింగ్‌లలో ఇప్పుడు మూడే మిగిలాయి. నేను వెతుక్కుంటూ వెళ్ళింది మన రంప వాళ్ళ కోసం. 1922-24 పితూరీలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవాళ్ళలో కొందర్ని అండమాన్‌కే పంపారు, వాళ్ళలో గాం మల్లుదొర ఆ శిక్ష అనుభవించి బయటికొచ్చి 1952లో పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. మన్యం అడవుల్లో తిరిగిన మనిషిని తెచ్చి చుట్టూ సముద్రం ఉన్న చోట గోడల మధ్య పెట్టారు, ఆ వరండాలో నిలబడితే మాట రాలేదు నాకు.

ఐదున్నరకే చీకటి పడిపోయింది. టైమ్ మనదే కానీ ఈ దీవులు చెన్నై కంటే మయన్మార్‌కి దగ్గర, కాబట్టి సూర్యుడు చాలా ముందే వచ్చి ముందే వెళ్ళిపోతాడు. ప్లాన్ వేసుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి, సాయంత్రం అనేది ఇక్కడ మూడింటికే మొదలవుతుంది.

శనివారం

పొద్దున్నే ఐదింటికల్లా చిడియా టాపుకి బయల్దేరాం, ఊరికి దక్షిణాన పాతిక కిలోమీటర్లు ఉంటుంది. దారిలో సిప్పీఘాట్ దగ్గర డ్రైవర్ బండి ఆపాడు. రోడ్డుకి పక్కన పెద్ద చెరువులా నీళ్ళు, మధ్యలో ఎండిపోయిన మొద్దులు. "ఇయన్నీ పొలాలండి, సునామీకి బూమి కుంగిపోనాది, మరి లెగలేదు" అన్నాడు. 2004 డిసెంబర్ 26న వచ్చిన భూకంపానికి దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కిందికి దిగింది, ఉత్తర అండమాన్‌లో దానికి రివర్స్, అక్కడ నేల పైకి లేచి పగడపు రీఫ్‌లు గాలికి ఎండి చచ్చిపోయాయి. పొలాలు పోయినచోట ఇప్పుడు అండమాన్ బాతులు తిరుగుతున్నాయి, కంటి చుట్టూ తెల్లటి మచ్చ ఉంటుంది వాటికి.

చిడియా టాపులో తెల్లారేసరికి అడవి అంచున నిలబడ్డాం. నేను ఆదివారాలు పళ్ళికరణై చిత్తడికి బైనాక్యులర్ పట్టుకుని వెళ్తుంటాను కాబట్టి అక్కడి పిట్టలు బాగానే తెలుసు, ఇక్కడ చూస్తే ప్రతిదీ తెలిసినట్టే ఉంటుంది కానీ వేరే. మన జెముడుకాకి ఒళ్ళు నలుపు, రెక్కలు ఇటుకరంగు కదా, ఇక్కడి జెముడుకాకికి ఆ నలుపే లేదు, తల మెడ పొట్ట అంతా లేత మట్టిరంగు. పసులపోలిగాడికి వేరే జాతి, షామా పిట్టకి వేరే జాతి, పాముల గద్దకి కూడా వేరే జాతి, అది మామూలు దానికంటే బాగా ముదురు రంగు. ప్రపంచంలో ఇంకెక్కడా లేని పక్షి జాతులు అండమాన్ నికోబార్ దీవుల్లో ఇరవైకి పైగా ఉన్నాయి. సముద్రం దాటి ఎప్పుడో ఎలాగో వచ్చినవి ఇక్కడే ఉండిపోయి వేల తరాల పాటు వాటి దారిన అవి మారుతూ వచ్చాయి.

ఆ పొద్దున నాకు బాగా గుర్తుండిపోయింది వడ్రంగి పిట్ట. ఎండిన మొద్దు మీద ముందు చప్పుడు వినిపించింది, తలుపు మీద ఎవరో సుత్తితో కొట్టినంత గట్టిగా, తర్వాత కనిపించింది కాకి అంత నల్లటి పిట్ట, నెత్తి మీద ఎర్రటి కుచ్చు. రెండున్నాయి. మగది బెరడు ముక్క పీకి కింద పడేస్తుంటే ఆడది చెట్టుకి అటువైపు నుంచి తిరిగొచ్చి ఆ పీకిన చోటే ముక్కు పెట్టి లోపలి పురుగు లాక్కుంది. పది నిమిషాలు మా తలల మీదే పని చేసుకున్నాయి, మేం కదల్లేదు, పాప కూడా ఒక్క మాట మాట్లాడలేదు. ఈలోపు రెండు టూరిస్ట్ వ్యాన్లు వచ్చాయి, దిగి బీచ్‌లో ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు. చిడియా టాపుని సన్‌సెట్ పాయింట్ అని సాయంత్రం మాత్రమే చూపిస్తారు, పొద్దున్న వెళ్ళండి, పక్షులకి పని ఉండేది అప్పుడే.

ఆదివారం, అమావాస్య

పొద్దున ఫెర్రీలో హావ్‌లాక్. 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. ప్రైవేట్ ఫెర్రీలో రెండు గంటల లోపే, సముద్రం చాలా నెమ్మదిగా ఉంది, అమ్మకి వెంటనే ఫోన్ చేశాను. జెట్టీ వెయిటింగ్ హాల్లో పైన దూలాలకి చిన్న చిన్న గూళ్ళు కనిపిస్తాయి, వాటిల్లోకి నల్లటి బుల్లి స్విఫ్ట్‌లెట్ పిట్టలు మనుషుల తలల మీదుగా దూసుకెళ్తుంటాయి, లగేజీతో పరిగెత్తే జనం ఎవరూ పైకి చూడరు.

మూడింటికి రాధానగర్ బీచ్. అడవి చెట్లు నేరుగా ఇసుక అంచుదాకా వచ్చి ఆగుతాయి, దాని వెనక హోటళ్ళు షాపులు ఏమీ కనపడవు, అందుకే ఆ బీచ్ అంత అందంగా ఉంది. సరిగ్గా నీళ్ళు వెనక్కి పోయిన టైమ్. తడి ఇసుక మీద బఠాణీ గింజంత పీతలు వందల్లో బయటికొచ్చి ఇసుక నోట్లో పెట్టుకుని అందులో తినేది తినేసి మిగిలింది చిన్న ఉండ చేసి వెనక్కి వదిలేస్తాయి, రంధ్రం చుట్టూ ఆ ఉండలు వరసలు వరసలుగా పేరుకుని చూడ్డానికి అచ్చం చుక్కల ముగ్గులా ఉంటుంది. వాకిట్లో సంక్రాంతి ముగ్గు చెరపకుండా పక్కనుంచి నడిచే అలవాటు ఉంది కదా, పాప ఇక్కడా అలాగే చుట్టూ తిరిగి నడిచింది. మన నీడ పడితే చాలు అన్నీ ఒక్కసారి లోపలికి పోతాయి, కదలకుండా రెండు నిమిషాలు నిలబడితే మళ్ళీ ఒక్కొక్కటే వస్తాయి.

బీచ్ చివర మొసలి హెచ్చరిక బోర్డు ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఉప్పునీటి మొసలి ఇక్కడి మడ అడవుల్లో సొంతంగా ఉండే జంతువు, 2010లో ఇదే బీచ్ పక్కన ఒక టూరిస్ట్ ప్రాణం పోయింది. లైఫ్‌గార్డ్ చూపించిన చోట తప్ప దిగకండి, చీకటి పడ్డాక అసలు వద్దు.

రాత్రికి మడ చెట్ల మధ్య కయాక్. అమావాస్య కావాలన్నది ఇందుకే. చుట్టూ ఒక్క దీపం లేదు, ఆకాశంలో చంద్రుడు లేడు, గైడ్ తెడ్డు నీళ్ళలో ముంచగానే తెడ్డు చుట్టూ నీలం వెలుగు చుట్టుకుంది. నీళ్ళలో కంటికి కనపడనంత చిన్న జీవులుంటాయి, కదిపితే వాటి ఒంట్లో జరిగే రసాయన చర్య వల్ల ఒక్క క్షణం వెలుగుతాయి. పాప చెయ్యి ముంచి తీస్తే వేళ్ళ మీదనుంచి మెరుపు చుక్కలు జారాయి, కింద ఒక చేప పారిపోతుంటే అది పోయిన దారంతా గీత గీసినట్టు వెలిగి ఆరిపోయింది. 2019 ఆగస్టులో చెన్నైలో తిరువాన్మియూర్ వైపు అలలు ఇలాగే నీలంగా వెలిగాయని జనమంతా రాత్రిపూట బీచ్‌కి పరిగెత్తారు గుర్తుందా, అప్పుడు స్ట్రీట్ లైట్ల మధ్య చూసినదానికీ దీనికీ పోలికే లేదు. పౌర్ణమి రోజుల్లో వచ్చినవాళ్ళకి వెన్నెల్లో ఇది దాదాపు కనపడదు.

సోమవారం

ఎలిఫెంట్ బీచ్‌కి బోటులో వెళ్ళి స్నోర్కెలింగ్ చేశాం. చిలక చేప పగడాన్ని కొరికే టకటక శబ్దం నీళ్ళలో చెవికి వినపడుతుంది, అది బాగుంది. జెట్ స్కీల గోల, ఫోటోల కోసం చేపలకి బిస్కెట్లు వేయడం, ఫిన్స్ వేసుకుని పగడాల మీద నిలబడ్డం, ఇవి చూస్తే మనసు ఉండలేదు, గంటలో తిరిగొచ్చేశాం. చేపలకి మైదా తిండి కాదు, దయచేసి వెయ్యకండి.

మధ్యాహ్నం కాటేజ్ దగ్గరే గడిపాం. అరటి చెట్టు మీద ఒక బల్లి ఉంది, నిగనిగలాడే చిలకపచ్చ, వీపు మీద ఎర్రటి మచ్చలు, పట్టపగలు ఎండలో తిరుగుతోంది. బల్లి అంటే రాత్రి ట్యూబ్‌లైట్ దగ్గర తిరిగేదే కదా మనకి. ఇది అండమాన్ డే గెకో, దీని దగ్గరి చుట్టాలన్నీ మడగాస్కర్ దాని చుట్టుపక్కల దీవుల్లో ఉన్నాయి, మధ్యలో హిందూ మహాసముద్రం మొత్తం ఉంది. అరటి పువ్వు మీదకెళ్ళి తేనె నాకి, నాలుకతో కంటిని తుడుచుకుని (వాటికి కనురెప్పలుండవు), ఆకు కిందకి జారిపోయింది. ఎంతసేపు చూశానో తెలీదు, మా ఆయన వచ్చి భోజనానికి పిలిచేదాకా అక్కడే ఉన్నాను.

మంగళవారం

నీల్ ఐలాండ్, ఇప్పుడు షహీద్ ద్వీప్. చిన్న దీవి, కూరగాయల తోటలు, ఎక్కువమంది తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడ్డ బెంగాలీ కుటుంబాలు. మా ట్రిప్ అంతా ఈ సాయంత్రం చుట్టూనే వేసుకున్నాం, పాటు, అంటే నీళ్ళు బాగా వెనక్కి పోయే టైమ్, నాలుగున్నరకి అని లెక్క. ఈ టైమ్‌లు హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్ళు ఇస్తారు, సునామీ హెచ్చరికల కేంద్రం నడిపేది కూడా వాళ్ళే. రోజు రోజుకీ పాటు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి ఒకరోజు టైమ్ తెలిస్తే మిగతావి లెక్క వేసుకోవచ్చు.

మూడున్నరకి లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌కి చేరాం, అక్కడే రాతి వంతెన ఉంది. అందరూ వంతెన దగ్గర ఫోటో దిగి వెళ్తారు, అసలు చూడాల్సింది దాని ముందున్న రాతి నేల. నీళ్ళు పోయాక ఆ రాళ్ళ మధ్య చిన్న పెద్ద గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి, ప్రతి గుంటలో వేరే వేరే కుటుంబాలు కాపురం ఉన్నట్టే. లోకల్ గైడ్ కుర్రాడు ముందే చెప్పాడు, ఉత్త రాయి మీదే కాలు పెట్టండి, రంగు కనిపిస్తే పెట్టకండి, ఏదీ చేత్తో ఎత్తకండి అని.

ఒక గుంటలో జానెడు పొడవున్న జెయింట్ క్లామ్, రాతిలో సగం కూరుకుని ఉంది. గవ్వ నోరు కొద్దిగా తెరుచుకుని అంచులు బయటికి ముడతలు ముడతలుగా నీలం, ఆకుపచ్చ, వాటి మీద నల్లటి చుక్కలు. ఆ చుక్కలు కళ్ళు, నీడని పసిగడతాయి. పాప వంగేసరికి తన నీడ పడి గవ్వ టక్కున మూసుకుంది, చిన్న నీటి ధార ఎగిరి పాప మొహం మీద పడింది. కదలకుండా కూర్చుంటే మళ్ళీ వెంట్రుకవాసి చొప్పున తెరుచుకుంది. ఆ రంగు అంచుల్లో నాచు లాంటి సూక్ష్మజీవులు ఉంటాయి, ఎండ తీసుకుని తిండి తయారుచేసి క్లామ్‌కి పెడతాయి, అందుకే అది నోరు తెరుచుకుని ఎండకి కూర్చుంటుంది. పగడాలు బతికేది కూడా ఈ ఏర్పాటు మీదే. నీళ్ళు మరీ వేడెక్కితే పగడం ఆ జీవుల్ని బయటికి తోసేస్తుంది, రంగూ పోతుంది తిండీ పోతుంది, బ్లీచింగ్ అనేది అదే. అండమాన్‌లో 1998, 2010, 2016లో అలా చాలా పగడం పోయింది.

సముద్ర దోసకాయలు, పాముల్లా చేతులు తిప్పే బ్రిటిల్ స్టార్లు, రాయి సందులోంచి తల బయటపెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉన్న మోరే ఈల్, అన్నీ ఆ అరగంటలోనే. ఐదింటికల్లా గైడ్ "చలియే" అన్నాడు, నీళ్ళు తిరగబడితే నడిచొచ్చిన దారి ఉండదు. సూర్యుడు దిగుతుంటే ఒడ్డుకొచ్చాం.

ఒడ్డు మీద సన్యాసి పీతలు. వాటి వెనక సగం మెత్తగా ఉంటుంది, ఖాళీ గవ్వ దొరికితేనే బతుకు, పెరిగేకొద్దీ పెద్ద గవ్వ వెతుక్కోవాలి. ఒకటి ఖాళీ గవ్వ దగ్గరికొచ్చి కాలు లోపల పెట్టి చుట్టూ తడిమి చూసి, తన గవ్వలోంచి ఒక్క గెంతులో అందులోకి మారిపోయింది, రెప్ప వేస్తే కనపడదు. దానికి మూరెడు దూరంలో ఇంకొకటి ఎర్రటి ప్లాస్టిక్ సీసా మూత మోస్తూ పోతోంది. గవ్వలు ఏరుకుని ఇంటికి తీసుకెళ్ళకూడదు అని బోర్డుల్లో రాసి ఉంటుంది, ఎందుకో ఆ బోర్డుల్లో ఉండదు, ఆ మూత చూస్తే ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

బుధవారం

పొద్దున భరత్‌పూర్ బీచ్, మధ్యాహ్నం ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్. ఇక్కడి లోతు తక్కువ నీళ్ళలో సముద్రపు గడ్డి ఉంటుంది, డ్యూగాంగ్‌కి (సముద్రపు ఆవుకి) తిండి అదే. అండమాన్ నికోబార్ అధికారిక జంతువు అది, మాకు కనపడలేదు, చాలా తక్కువ మిగిలాయి.

చాలామంది బారాటంగ్ వెళ్ళలేదా అని అడిగారు, సున్నపురాయి గుహలు, బురద అగ్నిపర్వతం బాగుంటాయని నాకూ తెలుసు. ఆ రోడ్డు జారవా ఆదివాసుల రిజర్వ్ మధ్యలోంచి వెళ్తుంది, కాన్వాయ్‌లో వందల కార్లు వాళ్ళ ఇంటి మధ్యలోంచి రోజూ పోతుంటే అందులో ఒకటి మాది కావడం మా ఇద్దరికీ ఇష్టం లేదు. డ్రైవర్‌కి ఒక కిరాయి పోయినా "మంచి పని సేసినారు" అన్నాడు.

గురువారం

వండూర్ నుంచి జాలీ బాయ్. 1983లో పెట్టిన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్‌లో పదిహేను దీవులుంటే టూరిస్టుల్ని పంపేది జాలీ బాయ్, రెడ్ స్కిన్ అని రెండిటికే, అది కూడా ఒక సీజన్‌లో ఒకటి తెరిచి రెండోదాన్ని మూస్తారు. జెట్టీలో బ్యాగులు విప్పి చూసి ప్లాస్టిక్ తీసేస్తారు, నీళ్ళ సీసాలకి డిపాజిట్ కట్టి వెనక్కి తెచ్చి చూపించాలి. మా ముందు ఒకాయన చిప్స్ ప్యాకెట్ కోసం గార్డుతో గొడవపడ్డాడు, గార్డు ఓపిగ్గా పేపర్ కవర్ ఇచ్చి అందులో పోసుకోమన్నాడు. ఆ గార్డుకి దణ్ణం పెట్టాలనిపించింది. దీవి మీద షాపు లేదు, టీ లేదు, ఇసుక మీద ఒక్క కవర్ లేదు. గ్లాస్ బోటులో కూర్చుంటే కింద కొన్నిచోట్ల బూడిదరంగు విరిగిన కొమ్మలే కుప్పలుగా ఉన్నాయి, వాటి మీదే అక్కడక్కడా గోధుమ, ఊదా రంగుల్లో అరచెయ్యంత కొత్త పగడాలు మొలిచి ఉన్నాయి. బోటు నడిపే పెద్దాయన వాటినే వేలెత్తి చూపించాడు, పెద్ద చేపల గుంపు పక్కనుంచి పోతున్నా సరే.

శుక్రవారం

ఎయిర్‌పోర్ట్‌లో స్కానర్ దగ్గర ఒక కుటుంబం సంచిలోంచి పగడం ముక్కలూ గవ్వలూ తీయించారు, ట్రే నిండా ఉన్నాయి. పగడం, చాలా రకాల గవ్వలు వన్యప్రాణి చట్టం కింద ఉన్నాయి, తీసుకెళ్ళడం నేరం, చచ్చినదే కదా అన్నా కుదరదు.

వచ్చేసారి ఉత్తరాన డిగ్లీపూర్ దగ్గర కాలీపూర్ బీచ్‌కి, తాబేళ్ళు గుడ్లు పెట్టే సీజన్‌లో, ఆ జారవా రిజర్వ్ రోడ్డు మీద కాకుండా ఓడలోనే వెళ్ళాలని అనుకున్నాం. చెన్నైలో జనవరి నుంచి మార్చి దాకా బీసెంట్ నగర్ బీచ్‌లో రాత్రిపూట వాలంటీర్లు తాబేళ్ళ గుడ్లు కాపాడే నడక ఉంటుంది, ముందు పాపని దానికి తీసుకెళ్తున్నాం, వచ్చే శనివారమే.